మీ ఊరి మీద మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చిందా? గడువులోపు చేయాల్సిన పనులు

వాట్సాప్ గ్రూపులో ఒక మ్యాప్ ఫొటో వస్తుంది. ఏ భూమిని దేనికి వాడాలో, రోడ్లు ఎక్కడ రావాలో రంగులతో, గీతలతో చెప్పే మాస్టర్ ప్లాన్ ముసాయిదా అది. ఎవరో దాని మీద గుండ్రంగా గీత గీసి, "చెరువు కింద పొలాలన్నీ ఊదా రంగులో పెట్టారు, ఫ్యాక్టరీలకు రాసిచ్చేశారు" అని పెడతారు. ఆ రాత్రి ఊళ్లో సగం మందికి నిద్ర పట్టదు. మర్నాడు ధర్నా, మూడో రోజు నాయకుల హామీ, ఆ తర్వాత ఎవరి పొలం పనుల్లో వాళ్లు. ఈలోగా అభ్యంతరం రాసివ్వడానికి ఇచ్చిన రోజులు ఒక్కొక్కటే అయిపోతుంటాయి. గడువు దాటాక ఆఫీసుకు వెళితే "మీ సర్వే నంబరు మీద ఒక్క అభ్యంతరమూ రాలేదు కదండీ" అంటారు. ఆ మాట పడ్డవాళ్ల పక్కన నేను నిలబడి ఉన్నాను. వాళ్ల ముఖాలు మర్చిపోలేకే ఇది రాస్తున్నాను.

ధర్నా వద్దని చెప్పడం లేదు. కామారెడ్డిలో 2022 నవంబర్‌లో ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలకు 60 రోజులు, అంటే 2023 జనవరి 11 వరకు గడువు ఇచ్చారు. చుట్టుపక్కల గ్రామాల సాగుభూములు ఇండస్ట్రియల్ జోన్‌లో, కొత్త రోడ్ల కింద కనిపించాయి. రైతులు రోడ్డెక్కారు, హైకోర్టుకూ వెళ్లారు. ఆ ఆందోళన మధ్యలో ఒక రైతు ప్రాణం పోయింది. చివరికి జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానం చేసింది. జగిత్యాలలో కూడా అదే నెలలో ముసాయిదా వెనక్కి వెళ్లింది. కానీ ప్రతి ఊరికీ అంత బలం దొరకదు. పైగా వెనక్కి తీసుకున్న ముసాయిదా పేరు మార్చుకుని ఇంకో ఏడాది మళ్లీ రావచ్చు. అప్పటికి ఫైల్లో మిగిలేది మీరు రాసిచ్చిన కాగితమే.

ముందుగా ఒక్క విషయం తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది. ప్లాన్‌లో మీ పొలానికి రంగు మారినంత మాత్రాన పట్టా మారదు. మీ పేరు పోదు. ప్లాన్ అమల్లోకి వచ్చే నాటికి భూమిని దేనికి వాడుతున్నారో, షరతులకు లోబడి ఆ వాడకం కొనసాగించుకోవచ్చని 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టమే చెబుతుంది. ఇండస్ట్రియల్ జోన్‌లో పడిన పొలంలో వరి వేయడం నేరం కాదు. అసలు దెబ్బ వేరే చోట తగులుతుంది. ఆ భూమిలో ఇల్లు కట్టుకోవడానికి అనుమతి రాదు, అమ్మబోతే ధర పలకదు, రోడ్డు గీత పడితే బ్యాంకు వాళ్లు కూడా వెనకాడతారు. రేపే భూమి పోతుందన్న భయం తప్పు. ఏమీ కాదులే అన్న ధీమా కూడా తప్పే.

ఏ చట్టం కింద వచ్చిందో ముందు తేల్చుకోండి

అందరూ దాటేసే పని ఇదే. అభ్యంతరం ఎవరికి ఇవ్వాలి, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, తుది నిర్ణయం ఎవరిది అన్నవన్నీ చట్టాన్ని బట్టే ఉంటాయి.

తెలంగాణలో హైదరాబాద్ చుట్టూ అయితే 2008 నాటి హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చట్టం. అక్కడ చాలా గ్రామాలకు ఇప్పటికీ ఆధారం 2013 జనవరి 24న జీవో 33తో వచ్చిన 2031 మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ ప్లాన్. 2025 మార్చిలో హెచ్ఎండీఏ పరిధి దాదాపు 10,472 చదరపు కిలోమీటర్లకు పెరిగింది కాబట్టి, మొన్నటి వరకు మాకు సంబంధం లేదనుకున్న మండలాలు కూడా ఇప్పుడు చూసుకోవాలి. వరంగల్ కాకతీయ, నిజామాబాద్, కరీంనగర్ శాతవాహన వంటి అథారిటీలు, అంటే పట్టణాభివృద్ధి సంస్థలు, 1975 చట్టం కింద నడుస్తాయి. అథారిటీ లేని మున్సిపాలిటీల్లో పాత మద్రాసు రాష్ట్రం నుంచి వచ్చిన 1920 టౌన్ ప్లానింగ్ చట్టమే ఇంకా ఆధారం. నూరేళ్లు దాటిన చట్టం మన పొలాల మీద గీతలు గీస్తోందంటే నమ్మడం కష్టంగా ఉంటుంది, కానీ నిజం.

ఆంధ్రప్రదేశ్‌లో రాజధాని ప్రాంతానికి 2014 సీఆర్డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) చట్టం ఉంది. విశాఖ, తిరుపతి, కర్నూలు, అనంతపురం-హిందూపురం వంటి మిగతా అథారిటీలకు 2016 నాటి మెట్రోపాలిటన్ రీజియన్, పట్టణాభివృద్ధి సంస్థల చట్టం వర్తిస్తుంది.

వీటన్నిటి పైన రాజ్యాంగం ఉంది. 74వ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూల్‌లో మొదటి అంశమే పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగ నియంత్రణ. 243-జెడ్‌డి అధికరణ ప్రకారం జిల్లా ప్రణాళికా కమిటీ ఉండాలి. అందులో కనీసం ఐదింట నాలుగు వంతుల మంది ఎన్నికైన ప్రజాప్రతినిధులే కావాలి. జిల్లా ముసాయిదా ప్రణాళిక తయారు చేసేటప్పుడు గ్రామాలకు, పట్టణాలకు ఉమ్మడిగా ఉన్న విషయాలను, అంటే స్థల ప్రణాళికను, నీటి పంపకాన్ని, సహజ వనరులను దృష్టిలో పెట్టుకోవాలని ఆ అధికరణలో రాసి ఉంది. పది లక్షలు దాటిన మహానగర ప్రాంతానికి 243-జెడ్‌ఈ కింద మెట్రోపాలిటన్ కమిటీ, అందులో కనీసం మూడింట రెండు వంతుల మంది ఎన్నికైనవారు ఉండాలి. మన రెండు రాష్ట్రాల్లో ఈ కమిటీలకు కాగితం మీద ఉన్న బలం పనిలో కనిపించదు. అయినా అభ్యంతరంలో ఈ మాట రాయండి. మీ ఊరి మాట వినకుండా పైనుంచి గీసిన ప్లాన్ రాజ్యాంగం ఆశించిన పద్ధతి కాదని చెప్పడానికి అది గట్టి ఆధారం.

మీది ఏజెన్సీ గ్రామమైతే దారి వేరు. 243-జెడ్‌సి ప్రకారం రాజ్యాంగంలోని ఈ మున్సిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు నేరుగా వర్తించదు. అక్కడ షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 పెసా చట్టం, గ్రామసభ ముందుకొస్తాయి. మొదటి ప్రశ్నే "ఈ ప్లాన్ ఇక్కడ ఏ అధికారంతో వచ్చింది?" అని ఉండాలి.

నోటీసు చేతికి తెచ్చుకోండి, తేదీ చూడండి

వాట్సాప్ ఫొటోతో పని జరగదు. గెజిట్‌లో గానీ పత్రికలో గానీ వచ్చిన నోటీసు కాపీ కావాలి. అందులో మూడు సంగతులు చూడండి: నోటిఫికేషన్ నంబరు, తేదీ, అభ్యంతరాలకు ఆఖరి రోజు.

గడువు అన్ని చోట్లా ఒకటే అనుకోకండి. కామారెడ్డిలో 60 రోజులు. అమరావతి రాజధాని ప్లాన్ ముసాయిదా 2015 డిసెంబర్‌లో వచ్చినప్పుడు 30 రోజులు. ఉన్న ప్లాన్‌లో ఎవరిదో ఒక సర్వే నంబరుకు జోన్ మార్చే చిన్న సవరణ నోటీసు అయితే తరచుగా 15 రోజులే ఉంటాయి. మీ పక్క పొలం ఫ్యాక్టరీకి మారేది ఇలాంటి చిన్న నోటీసులతోనే. ఊరంతా పెద్ద ప్లాన్ కోసం చూస్తుంటే ఇది పేపర్లో ఒక మూల వచ్చి వెళ్లిపోతుంది.

నోటీసు ఇంగ్లిషులో ఉంటే తెలుగు ప్రతి అడగండి. మీ అభ్యంతరం తెలుగులోనే రాయండి. తెలుగు రాష్ట్ర అధికార భాష, అందులో మొహమాటం అక్కర్లేదు.

మ్యాప్ కాపీ సంపాదించండి

ముసాయిదా ప్రతిని జనం చూసేందుకు అందుబాటులో ఉంచాలన్నది చట్టం పెట్టిన షరతు. 1975 చట్టంలో వరుస ఇలా ఉంటుంది: ముందు సర్వే చేయాలి, తర్వాత ముసాయిదా తయారు చేయాలి, దాన్ని చూసే వీలు కల్పిస్తూ నోటీసు ప్రచురించాలి, ఫలానా తేదీలోగా ఎవరైనా సరే అభ్యంతరాలు, సలహాలు ఇవ్వవచ్చని పిలవాలి. ఆ ప్లాన్ కిందకు వచ్చే భూమి ఏ స్థానిక సంస్థ పరిధిలో ఉందో ఆ సంస్థకు కూడా తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. వచ్చినవన్నీ పరిశీలించాకే తుది ప్లాన్ తయారు చేసి ప్రభుత్వ ఆమోదానికి పంపాలి. ఆమోదం వచ్చాక మళ్లీ నోటీసు. ఆ నోటీసు వెలువడిన తేదీ నుంచి ప్లాన్ అమల్లోకి వస్తుంది.

"ఎవరైనా సరే" అన్నది గుర్తుపెట్టుకోండి. కౌలు రైతు ఇవ్వవచ్చు. గొర్రెల కాపరి ఇవ్వవచ్చు. చెరువులో చేపలు పట్టే సొసైటీ ఇవ్వవచ్చు. పట్టా పాస్‌బుక్ లేదు కదా అని ఆగకండి.

ఆఫీసులో గోడకు అతికించిన మ్యాప్ ముందు నిలబడి ఫోన్‌తో ఫొటో తీసుకుంటే చాలదు. ఫొటోలో స్కేలు పోతుంది, అంచులు వంగుతాయి. డిజిటల్ ఫైలు గానీ అసలు సైజు ప్రింటు గానీ ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయి ఆఫీసులో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. సమాధానానికి 30 రోజులు పడుతుంది. మీ గడువే 30 రోజులైతే ఇది చేతికి రాకముందే అయిపోతుంది, అందుకని దరఖాస్తు మొదటి రోజే పడాలి. "మ్యాప్ ఇంకా ఇవ్వలేదు, ఫలానా తేదీన అడిగాను" అన్న వాక్యం అభ్యంతరంలో చేర్చండి. తర్వాత కోర్టు మెట్లు ఎక్కాల్సి వస్తే ఆ ఒక్క వాక్యం చాలా బరువు మోస్తుంది.

దరఖాస్తులో అడగాల్సినవి: ప్రస్తుత భూ వినియోగ సర్వే మ్యాప్, సర్వే నంబర్లతో కలిపిన బేస్ మ్యాప్, సర్వే ఎప్పుడు చేశారు, ఏ ఏజెన్సీ చేసింది, మీ పంచాయతీ లేదా మున్సిపాలిటీ అభిప్రాయం తీసుకున్న కాగితం, ప్రతిపాదిత రోడ్ల వెడల్పుల పట్టిక.

మ్యాప్ చదవడం

ఇక్కడ తొందరపడకండి. రెండు మూడు సాయంత్రాలు కూర్చోండి. ఊళ్లో పాత తరం వాళ్లను, ముఖ్యంగా నీళ్లు కట్టిన నీరటికాడిని, పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ వాగు ఎటు పారేదో, ఏ దారి ఎప్పటినుంచి ఉందో ఆయనకు తెలిసినంత ఏ శాటిలైట్‌కూ తెలియదు.

రంగుల వాడుక సాధారణంగా ఇలా ఉంటుంది: పసుపు నివాసం, నీలం వాణిజ్యం, ఊదా పరిశ్రమలు, ఎరుపు బడి, ఆసుపత్రి వంటి ప్రజావసరాలు, ఆకుపచ్చ ఛాయల్లో పార్కులు, వ్యవసాయం, బూడిద రంగు రవాణా. అయినా మీ మ్యాప్ మూలన ఉన్న సూచికనే నమ్మండి. లేత ఆకుపచ్చ వ్యవసాయమా, రిక్రియేషన్ జోనా అన్నది తేడా చూడకుండా "మన పొలం గ్రీన్‌లోనే ఉందిలే" అని ఊరుకున్నవాళ్లు ఉన్నారు. రిక్రియేషన్ అంటే రేపు పార్కు. వ్యవసాయం, పార్కు ఒకటి కావు.

తర్వాత స్కేలు. 1:10,000 స్కేలు మ్యాప్‌లో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 10 మీటర్లు. అర మిల్లీమీటరు మందం ఉన్న గీత 5 మీటర్లు, అంటే 16 అడుగుల పైమాట. 1:25,000 అయితే అదే గీత 12.5 మీటర్లు, 41 అడుగులు. ఒక ఇల్లు మొత్తం గీత కిందే మాయమైపోతుంది. కాబట్టి రోడ్డు గీత మీ గట్టు మీద పడిందా, పక్కవాళ్ల గట్టు మీద పడిందా అన్నది ఆ మ్యాప్ చూసి తేల్చలేరు. "నా సర్వే నంబరు మీదుగా వెళ్లే రోడ్డు కోఆర్డినేట్లు ఇవ్వండి" అని అడగండి. అవి ఉంటే సర్వేయర్‌ను పెట్టుకుని నేల మీద గుర్తు పెట్టుకోవచ్చు.

రోడ్డు లెక్క కూడా ఒకసారి వేసి చూడండి. చదరంగా ఉన్న ఎకరం పొలం ఒక్కో వైపు దాదాపు 208 అడుగులు. దాని మధ్యగా 100 అడుగుల రోడ్డు నిలువునా పోతే దాదాపు 20,800 చదరపు అడుగులు, అంటే 19 గుంటలు రోడ్డు కిందే. ఎకరానికి 40 గుంటలు కదా. మిగిలిన 21 గుంటలు రెండు ముక్కలుగా చెరో పక్క. బోరు ఒక పక్క, మడి ఇంకో పక్క. ఈ లెక్క అభ్యంతరంలో అంకెలతో సహా రాస్తే, "రైతులు నష్టపోతారు" అని రాసిన పది పేజీల కంటే బలంగా పనిచేస్తుంది.

ఇప్పుడు అసలైన పని. ముసాయిదా మ్యాప్ ఒక పక్క, పాత గ్రామ నక్షా ఇంకో పక్క పెట్టండి. ఒక్కో సర్వే నంబరు కొలతలు, హద్దులు చూపే పటాలు, అంటే తెలంగాణలో టిప్పన్, ఆంధ్రలో ఎఫ్ఎంబీ కాపీలు, సర్వే ఆఫీసులో దొరుకుతాయి. చెరువులు, కుంటలు, వాగులు, బండ్ల బాటలు, శ్మశానాలు, మేత పోరంబోకు ఒక్కొక్కటే సరిచూడండి. ఎండాకాలం శాటిలైట్ చిత్రం మీద ఆధారపడితే ఎండిన కుంట ఖాళీ నేలలా కనిపిస్తుంది. మాకు తెలిసిన ఒక ఊళ్లో శిఖం (చెరువు గర్భంలోని భూమి) నంబరు ఉన్న కుంట ముసాయిదాలో లేనే లేదు. దాని మధ్యగా రోడ్డు గీశారు, పక్కన పసుపు రంగు వేశారు. నక్షా కాపీ జతచేసి రాసిస్తేనే కుంట తిరిగి మ్యాప్ ఎక్కింది. ఆ ఊరివాళ్లు ఆ సంగతి చూసుకోకపోయి ఉంటే పదేళ్ల తర్వాత అక్కడ వెంచర్ వెలిసేది, వాన పడితే ఇళ్లలోకి నీళ్లు వచ్చేవి.

నీటి వనరుల చుట్టూ బఫర్, అంటే కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా, కూడా చూడండి. తెలంగాణలో 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే మేర) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. నది హద్దు నుంచి మున్సిపల్ పరిధిలో 50 మీటర్లు, బయట 100 మీటర్లు. ముసాయిదాలో ఈ బఫర్ లేకపోతే అది మీ అభ్యంతరంలో మొదటి వరుసలో ఉండాలి.

చట్టం అడిగిన పని వాళ్లు చేశారో లేదో చూడండి

అభ్యంతరం అంటే "నా పొలం వదిలేయండి" అని బతిమాలుకోవడం ఒక్కటే అనుకుంటారు చాలామంది. ప్లాన్ తయారు చేసే పద్ధతి మీద ప్రశ్న వేయడం కూడా అభ్యంతరమే. కోర్టులు గట్టిగా చూసేది దాన్నే. ఏ జోన్ ఎక్కడ ఉండాలన్న నిపుణుల నిర్ణయంలో న్యాయమూర్తులు సాధారణంగా వేలు పెట్టరు. కానీ చట్టం చెప్పిన మెట్టు దాటేస్తే ఊరుకోరు.

2007లో ఇండోర్ వికాస్ ప్రాధికరణ్ కేసులో సుప్రీంకోర్టు, మనిషి ఆస్తి హక్కుకు కత్తెర వేసే ఇలాంటి ప్రణాళికా చట్టాలకు అర్థం చెప్పేటప్పుడు అక్షరం తప్పకుండా చూడాలంది. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో ప్లాన్‌లో పార్కుగా చూపించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడాన్ని తప్పుపట్టింది. రెండూ తెలుగు నేల మీది కేసులు కావు, అయినా మన ఆఫీసులకూ వర్తిస్తాయి.

కాబట్టి ఇవి అడగండి. ప్రస్తుత భూ వినియోగ సర్వే నిజంగా ఊళ్లోకి వచ్చి చేశారా? మూడు కార్లు పండే మాగాణిని బీడుగా చూపించారా? జనాభా ఎంత పెరుగుతుందని లెక్కవేశారు, దానికి ఇన్ని వందల ఎకరాల ఇండస్ట్రియల్ జోన్ ఎందుకు? గ్రామ పంచాయతీకి మాట చెప్పే అవకాశం ఇచ్చారా, ఇస్తే తీర్మానం ఎక్కడ? ముసాయిదా అందరికీ కనిపించేలా పెట్టారా, తాళం వేసిన గదిలో పెట్టారా?

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ మార్గదర్శకాల్లో ప్రాంతీయ ప్లాన్‌కు 20 ఏళ్ల కాలం అనుకుంటారు. అవి చట్టం కాదు, సలహా మాత్రమే. కానీ 20 ఏళ్లు అంటే ఇవాళ బడికి వెళ్లే మీ పిల్లవాడు ఇల్లు కట్టుకునే వయసు. వాడి కోసం కూడా చూడాలి.

అభ్యంతరం రాయడం

ఊరంతా కలిసి ఒకే కాగితం మీద వెయ్యి సంతకాలు పెట్టి ఇస్తారు. మంచిదే, ఐక్యత కనిపిస్తుంది. కానీ రికార్డులో అది తరచుగా ఒక్క అభ్యంతరంగానే నమోదవుతుంది. అందుకే రెండూ చేయండి: ఊరి తరఫున ఒకటి, ప్రతి సర్వే నంబరుకు విడిగా ఒకటి. ఒక పేజీ చాలు. కింద ఉన్నట్టు రాసుకోవచ్చు.

"విషయం: (ప్రాంతం పేరు) మాస్టర్ ప్లాన్ ముసాయిదా, నోటిఫికేషన్ నంబరు (…), తేదీ (…), (…) గ్రామం సర్వే నంబరు (…) గురించి అభ్యంతరం.

అయ్యా, పై సర్వే నంబరులో నాకు (…) ఎకరాల (…) గుంటల పట్టా భూమి ఉంది. ఏటా రెండు కార్లు వరి సాగు చేస్తున్నాను. ముసాయిదాలో ఈ భూమి మధ్యగా 100 అడుగుల రోడ్డు చూపించారు. దీనివల్ల (…) గుంటలు రోడ్డు కింద పోయి, మిగిలిన భూమి బోరుకు ఒక పక్క, సాగుకు ఒక పక్క రెండుగా విడిపోతుంది. ఈ భూమికి ఉత్తరాన గ్రామ నక్షాలో గుర్తించిన బండ్ల బాట ఉంది. రోడ్డును ఆ దారి వెంట తీసుకుపోతే పట్టా భూముల నష్టం తగ్గుతుంది. కాబట్టి అలైన్‌మెంట్ మార్చవలసిందిగా కోరుతున్నాను. నా వాదన స్వయంగా చెప్పుకునే అవకాశం ఇవ్వగలరు. అంగీకరించని పక్షంలో కారణాలు రాతపూర్వకంగా తెలియజేయగలరు.

జతచేసినవి: పాస్‌బుక్ నకలు, పహాణీ, నక్షా నకలు, పొలం ఫొటోలు."

"రోడ్డు వద్దు" అని మాత్రం రాస్తే పక్కన పెట్టేయడం తేలిక. ఇంకో దారి చూపిస్తే దాన్ని పరిశీలించామని, ఎందుకు కుదరలేదో ఫైల్లో రాయాల్సి వస్తుంది. వాదన చెప్పుకునే అవకాశం, రాతపూర్వక కారణాలు అడిగిన చివరి రెండు వాక్యాలు మాత్రం తీసేయకండి.

పొలం ఫొటో తీసేటప్పుడు లొకేషన్, తేదీ పడే యాప్ వాడండి. పంట నిలబడి ఉన్నప్పుడు తీయండి. కోత అయ్యాక తీస్తే బీడులాగే ఉంటుంది.

ఇవ్వడం, రసీదు తీసుకోవడం

రెండు కాపీలు పట్టుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ, స్టాంపు, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. ఒకసారి మాతో వచ్చిన ముసలాయన కాగితాన్ని కౌంటర్‌లో తీసుకుని, "పెట్టేస్తాంలే పెద్దాయనా, వెళ్లు" అన్నారు. రసీదు ఇవ్వలేదు. మేం ఆ సాయంత్రమే అదే కాగితాన్ని అక్నాలెడ్జ్‌మెంట్ కార్డుతో రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. తర్వాత జాబితాలో ఆయన పేరు కనిపించింది పోస్టు కాగితం వల్లే. ఈమెయిల్ అడ్రసు నోటీసులో ఉంటే అక్కడికీ పంపండి. చివరి రోజు వరకు ఆగకండి, ఆ రోజు ఆఫీసులో రద్దీ చెప్పనలవి కాదు.

పంచాయతీ చేత, వీలైతే గ్రామసభ చేత తీర్మానం చేయించి అదే గడువులో పంపించండి. సర్పంచ్‌కు ఆసక్తి లేకపోతే వార్డు సభ్యులతో మాట్లాడండి.

పిలుపు వస్తే వెళ్లండి

విచారణకు పిలిస్తే పని మానుకుని అయినా వెళ్లాలి. ఐదు నిమిషాలే దొరుకుతుంది. కోపంగా మాట్లాడితే ఆ ఐదు నిమిషాలూ అందులోనే పోతాయి. నక్షా, ఫొటో, లెక్క బల్ల మీద పెట్టి మాట్లాడండి. మీరు చెప్పింది రాసుకున్నారో లేదో చూసి, బయటకు రాగానే "ఇవాళ విచారణలో ఈ విషయాలు చెప్పాను" అని ఒక కాగితం రాసి మళ్లీ ఇన్‌వర్డ్‌లో ఇవ్వండి.

కొన్ని వారాలయ్యాక సమాచార హక్కు కింద అభ్యంతరాల జాబితా, ఒక్కొక్కదాని మీద తీసుకున్న నిర్ణయం, కమిటీ మినిట్స్ అడగండి. మీ పేరు పక్కన "పరిశీలించాం" అన్న ఒక్క మాట తప్ప ఏమీ లేకపోతే, అది పరిశీలన కాదని వాదించడానికి మీ దగ్గర రసీదు, విచారణ కాగితం రెండూ ఉంటాయి.

తుది ప్లాన్ వచ్చాక

తుది మ్యాప్‌ను ముసాయిదాతో పక్కపక్కన పెట్టి చూడండి. ముసాయిదాలో లేని రోడ్డు తుదిలో కొత్తగా వచ్చిందంటే, ఆ గీత కింద ఉన్నవాళ్లకు అభ్యంతరం చెప్పే అవకాశమే దక్కలేదన్నమాట. అది హైకోర్టులో రిట్ వేయదగ్గ విషయం. ఆలస్యం చేస్తే కోర్టు అడిగే మొదటి ప్రశ్న "ఇన్నాళ్లు ఏం చేశారు?" అని. తాలూకా కోర్టులో తెలిసిన వకీలు ఉన్నా, ప్రణాళికా చట్టాల కేసులు చేసిన హైకోర్టు న్యాయవాదిని ఒకసారి కలవండి. ఫీజు కట్టలేని పరిస్థితిలో ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది.

తుది అయిపోయిందని ప్లాన్ రాయిలా మారదు. సవరణలు వస్తూనే ఉంటాయి. ప్రతి సవరణకూ నోటీసు, అభ్యంతరాలు ఉండాల్సిందే. అమరావతి రాజధాని ప్లాన్‌లో 2023లో పేదల ఇళ్ల కోసం ఆర్-5 జోన్ చేర్చినప్పుడు రైతులు కోర్టుకు వెళ్లారు, ఆ జోన్‌లో ఇళ్ల నిర్మాణంపై 2023 ఆగస్టులో హైకోర్టు స్టే ఇచ్చింది. అందుకే ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లకు ఒక పని అప్పగించండి: అథారిటీ వెబ్‌సైట్, పేపర్లో వచ్చే భూ వినియోగ మార్పు నోటీసులు వారానికోసారి చూడటం.

చాలామంది పొరబడే ఇంకో విషయం. తెలంగాణలో నాలా కన్వర్షన్ చేయించుకుంటే జోన్ మారిపోయిందనుకుంటారు. నాలా అంటే రెవెన్యూ రికార్డులో సాగుభూమిని సాగేతరంగా మార్చడం. మాస్టర్ ప్లాన్‌లో జోన్ మారాలంటే భూ వినియోగ మార్పుకు విడిగా దరఖాస్తు చేసి, దాని నోటీసు, రుసుము, ప్రభుత్వ ఉత్తర్వు దాటుకుని రావాలి. ఈ రెంటినీ ఒకటిగా చూపించి ప్లాట్లు అమ్మేవాళ్లున్నారు. కొనేముందు జోనింగ్ సర్టిఫికెట్ అడగండి.

ప్లాన్‌లో రోడ్డు గీత ఉన్నా, భూమిని నిజంగా తీసుకోవాలంటే మళ్లీ వేరే చట్టపు దారి నడవాలి. 2013 భూసేకరణ చట్టం కింద నోటీసు, పరిహారం ఇవ్వాలి, లేదా మీరు ఇష్టపడి ఇస్తే టీడీఆర్ బాండు (భూమికి బదులుగా ఇచ్చే, వాడుకోదగ్గ లేదా అమ్ముకోదగ్గ నిర్మాణ హక్కు పత్రం) వంటిది ఇవ్వాలి. 2024 మేలో కోల్‌కతా మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది: నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం వినాలి, కారణాలతో నిర్ణయం చెప్పాలి, ప్రజాప్రయోజనం కోసమే తీసుకోవాలి, న్యాయమైన పరిహారం ఇవ్వాలి. జేసీబీ వచ్చి నిలబడితే "ప్లాన్‌లో ఉంది" అన్న మాటకు తలవంచకండి. సేకరణ నోటీసు చూపించమనండి.

తుది ప్లాన్‌లో మీ గ్రామం ఉన్న షీటు, రిపోర్టులో జోనింగ్ నిబంధనల పేజీలు ధ్రువీకరించిన కాపీ తీసుకుని పంచాయతీ ఆఫీసులో ఒకటి, లైబ్రరీలో ఒకటి పెట్టించండి. మీరు ఇచ్చిన అభ్యంతరం, రసీదు, విచారణ కాగితం పాస్‌బుక్ పెట్టుకునే సంచిలోనే పెట్టుకోండి.